స్లాప్టన్: చలికాలంలో ఆరు వారాల్లో రైతు ఊళ్ళను ఎలా ఖాళీ చేశారు?

పొలంగట్టు:

అందరికీ నమస్కారం. ఇంగ్లండులో డెవన్ దక్షిణ తీరాన స్లాప్టన్ అనే చిన్న రైతు ఊరు ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సేనలు నార్మండీ దాడికి సాధన చేసుకోడానికి ఆ ఊరినీ, చుట్టుపక్కల ఊళ్ళనీ ఖాళీ చేయించారు. ఎక్కడ చదివినా 1944 ఏప్రిల్‌లో ఓడల మీద జరిగిన టార్పెడో దాడి గురించే రాస్తున్నారు. రైతుల సంగతి "జనాన్ని తరలించారు" అన్న ఒక్క ముక్కతో తేల్చేస్తున్నారు.

నాకు ఆ ముక్క వెనకున్నది కావాలి. నోటీసు ఎప్పుడిచ్చారు, గడువెంత, ఎన్ని ఎకరాలు? నవంబరు, డిసెంబరుల్లో అక్కడి పొలంలో ఏముంటుంది, అందులో ఏది తీసుకుపోగలరు, ఏది వదులుకోవాలి? పరిహారం ఏ లెక్కన కట్టారు? ఈ తీరమే ఎందుకు? తిరిగొచ్చేసరికి పొలాలు ఎలా ఉన్నాయి? ఒక్కో కమతం వివరాలు రికార్డుల్లో దొరుకుతాయా?

డార్సెట్‌లోని టైనమ్ ఊరి కథ కూడా దీనితో కలిపి చెబుతున్నారు. రెండూ ఒకటేనా?

కల్లం:

ముందు లెక్కలు. 1943 నవంబరు 4న డెవన్ కౌంటీ పెద్దలకు కబురు అందింది. నవంబరు 12, 13 తేదీల్లో ఊళ్ళలో సభలు పెట్టి జనానికి చెప్పారు. డిసెంబరు 20కల్లా ఖాళీ చేయాలి. సభ నుంచి లెక్కేస్తే 38 రోజులు. సుమారు 30,000 ఎకరాలు, 3,000 మంది జనం, 180 కమతాలు. స్లాప్టన్, స్టోకెనమ్, స్ట్రీట్, బ్లాక్‌ఆటన్, ఈస్ట్ ఆలింగ్టన్, షెర్‌ఫోర్డ్ పారిష్‌లు (ఊరి స్థాయి పరిపాలన విభాగాలు) ఇందులోకి వచ్చాయి. కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా.

అసలు ఇబ్బంది రోజులు తక్కువ కావడం ఒక్కటే కాదు, ఆ నెల. రైతు ఇల్లు మారడానికి డిసెంబరు కన్నా చెడ్డ నెల ఉండదు. ఎందుకంటే సంవత్సరం పంటంతా అప్పుడు కొట్టంలోనో కుప్పలోనో ఉంటుంది, పశువులు చూడితో ఉంటాయి, వచ్చే ఏటి విత్తు నేలలో ఉంటుంది.

ధాన్యం సంగతి తీసుకోండి. అప్పట్లో గోధుమ, ఓట్స్, బార్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో కోసి పనలు కట్టి కుప్పలు వేసేవారు. మన కోస్తాలో వరి కుప్పలు వేసి తీరిగ్గా నూర్చుకున్నట్టే, వాళ్ళూ చలికాలమంతా విడతలుగా నూర్చేవారు. నూర్పిడి యంత్రం ప్రతి రైతుకీ ఉండదు. కాంట్రాక్టరు ఒకడు దాన్ని ఊరూరా తిప్పుతాడు. ఒక్కో కుప్పకి దాదాపు రోజు పని, పది మంది మనుషులు. మామూలుగా మార్చి దాకా సాగే ఆ వరుసను 38 రోజుల్లోకి కుదించాలి. నూర్చకుండా తీసుకుపోదామంటే పనలు బరువు తక్కువే గాని లారీలో చోటంతా తినేస్తాయి. వానలో కుప్ప విప్పితే గింజ తడిసి ముక్కిపోతుంది. డెవన్‌లో నవంబరంటే వానాకాలమే, పైగా డిసెంబరులో పగలు ఎనిమిది గంటలు.

తర్వాత దుంపలు. ఆ రోజుల్లో చలికాలపు పశువుల మేతకి ప్రాణం దుంపలే: స్వీడ్‌లు, టర్నిప్‌లు, మాంగోల్డ్‌లు. మాంగోల్డ్ ఎకరానికి 20 టన్నులు పండటం మామూలు. ఐదెకరాల పంటంటే 100 టన్నులు, మూడు టన్నుల లారీకి 34 తడవలు, అదీ ఒక్క కమతానికి! మాంగోల్డ్ మంచుకి తట్టుకోదు. అందుకే శరదృతువులోనే పీకి గుట్టపోసి, పైన గడ్డి పరిచి మట్టి కప్పుతారు. ఆ గుట్టలోనే అవి మాగాలి. క్రిస్మస్ ముందు పెడితే పశువులకి విరేచనాలు పడతాయన్నది అక్కడి రైతుల పాత లెక్క. గడువేమో డిసెంబరు 20. అంటే గుట్ట విప్పకూడని సమయంలో విప్పాలి, మంచులో తరలించాలి, కొత్తచోట మళ్ళీ కప్పాలి. దెబ్బ తగిలిన దుంప కుళ్ళుతుంది, పక్కదాన్ని కుళ్ళబెడుతుంది. లారీలు, పెట్రోలు రేషన్‌లో ఉన్న రోజుల్లో దుంపలకి లారీలు దొరకడం ఎంత కష్టమో ఊహించుకోండి.

పశువుల లెక్క ఇంకో రకం. మాంసానికి సిద్ధమైన పశువుని అప్పట్లో ఆహార శాఖ నిర్ణీత ధరకి కొనేది, కాబట్టి అమ్మినా పెద్ద నష్టం లేదు. పెంపకానికి ఉంచుకున్న ఆవులు, గొర్రెలు, ఎదుగుతున్న దూడలు మాత్రం సంతలో పోటీ ధరకే పోవాలి. చుట్టుపక్కల అందరూ ఒకేసారి అమ్ముతుంటే ధర పడిపోతుంది. ఎన్నో తరాలు ఏరి ఏరి పెంచిన సౌత్ డెవన్ జాతి మంద ఒకసారి చెదిరితే డబ్బు పెట్టినా మళ్ళీ కుదరదు. ఉంచుకుందామంటే వేరేచోట మేత, కొట్టం దొరకాలి. ముందస్తు ఈతల గొర్రెలకి డిసెంబరంటే చూడి చివరి నెలలు. ఆ దశలో ఒక్కరోజు మేత తప్పినా, లారీలో కుదుపులు పడినా, కవల పిల్లలున్న గొర్రెకి ఒంట్లో శక్తి చాలక జబ్బు చేస్తుంది. పాలావులు చోటు మారితే పాలు తగ్గుతాయి.

ఇక వదిలేయక తప్పనివి: అక్టోబరులో విత్తిన గోధుమ, దున్నిన దుక్కి, వేసిన ఎరువు, కంచెలు, తలుపులు. అవి పరిహారం లెక్కలోకి వెళ్ళాయి. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇంకొకరు రాస్తే బాగుంటుంది.

దస్తావేజు:

పరిహారం గురించి నేను చెబుతాను. భూమి స్వాధీనానికి ఆధారం 1939 నాటి రక్షణ నిబంధనలు, డబ్బుకి ఆధారం అదే ఏడాది వచ్చిన పరిహార చట్టం. భూమి స్వాధీనానికి ఆ చట్టం నాలుగు పద్దులు పెట్టింది.

మొదటిది అద్దె: ఆ భూమిని అప్పటి స్థితిలో కౌలుకిస్తే ఎంత వస్తుందో అంత. రెండోది, స్వాధీనంలో ఉండగా జరిగిన నష్టాన్ని బాగుచేసే ఖర్చు, మామూలు అరుగుదల తీసేసి. మూడోది పొలానికే ప్రత్యేకం: విత్తనం, దుక్కి, ఎరువు, నిలబడ్డ పైరు. కొత్తగా కౌలుకి దిగే రైతు పాత రైతుకి వీటికి ఎంత కట్టి దిగుతాడో అంత. నాలుగోది, ఖాళీ చేయమన్న ఆజ్ఞ పాటించడానికి అయిన సబబైన ఖర్చు. సామాను తరలింపు ఇందులోకి వస్తుంది.

ఇప్పుడు లేనిది చూడండి. వ్యాపార నష్టానికి పద్దు లేదు. పాల వాడికపోతే లేదు, మందను తక్కువకి అమ్ముకుంటే లేదు, ఊళ్ళో కొట్టు నడిపేవాడి బేరం పోతే లేదు. చట్టం భూమికీ ఇంటికీ కట్టింది, బతుకుతెరువుకి కట్టలేదు. సొంత భూమి ఉన్నవాడికి కనీసం అద్దె వచ్చేది. కౌలురైతుకి కౌలు కట్టే బాధ్యత తప్పినా, పని లేకుండా పశువులతో వేరేచోట నిలబడాలి. వ్యవసాయ కూలీకి చేతిలో చూపించడానికి పైరు కూడా లేదు. అందుకే ఈ తరలింపు అందరి మీదా ఒకేలా పడలేదు.

ఆచరణలో తగాదాలు ఎక్కువగా వచ్చే చోటు రెండో పద్దు. ఖాళీ చేసేముందు ఇల్లు, గట్లు, గేట్లు ఎలా ఉన్నాయో జాబితా రాసుకున్న రైతుకే "ఇది మీవాళ్ళు విరగ్గొట్టారు" అని చూపించడం వీలవుతుంది. హడావుడిలో జాబితా సరిగా రాయకపోతే ఆ నష్టం "మామూలు అరుగుదల" కింద కొట్టుకుపోతుంది.

టైనమ్ ప్రశ్నకి: కాదు, రెండూ వేరు. టైనమ్ డార్సెట్ తీరంలో ట్యాంకుల ఫైరింగ్ రేంజి పక్కన ఉండేది. అక్కడ సుమారు 225 మందిని 1943 డిసెంబరు 19కల్లా పంపేశారు. నెల ఒకటే కావడంతో కలగలిపేస్తున్నారు. స్లాప్టన్ వాళ్ళు తిరిగొచ్చారు. టైనమ్ వాళ్ళు రాలేదు, 1948లో ఆ భూమిని సైన్యానికే ఉంచేయాలని నిర్ణయించారు. ఇప్పుడక్కడ మొండిగోడలున్నాయి, రేంజిలో కాల్పులు లేని రోజుల్లో చూడనిస్తారు. తేడాకి కారణం అవసరం: స్లాప్టన్ అవసరం ఒక్క దాడితో తీరిపోయింది, ట్యాంకులకి రేంజి అవసరం తీరలేదు.

పొలంగట్టు:

కల్లం గారూ, దస్తావేజు గారూ, ధన్యవాదాలు. మాంగోల్డ్ సంగతి ఎక్కడా దొరకలేదు నాకు. ఒక సందేహం. 749 మంది "స్లాప్టన్ ఇసుకలో" చనిపోయారని చాలాచోట్ల ఉంది. ఖాళీ చేసిన ఊళ్ళోనే జరిగిందా అది? ఆ సంఖ్య నిజమేనా?

అలలదారి:

సంఖ్య నిజమే, చోటు తప్పు. చాలామంది మూడు వేర్వేరు విషయాల్ని ఒకటి చేస్తున్నారు, కాబట్టి విడదీసి చెబుతాను.

తీరం ఎందుకు నచ్చిందంటే, నార్మండీలో యూటా అని పేరు పెట్టిన తీరానికి ఇది పోలిక. యూటాలో తీరం వెనక జర్మన్లు నీళ్ళు పెట్టి ముంచేసిన పచ్చికబయళ్ళు, వాటి మీదుగా లోపలికి పోయే కొద్దిపాటి కట్టదారులు. స్లాప్టన్‌లో గులకరాళ్ళ సన్నని కట్ట, దాని మీద రోడ్డు, వెనక స్లాప్టన్ లే అనే మంచినీటి సరస్సు. కట్ట మీంచి స్లాప్టన్ ఊరికి పోవాలంటే సరస్సు ఇరుకైన చోట ఒక వంతెన. తీరాన దిగిన సేన నీళ్ళను దాటి లోపలికి చొచ్చుకుపోవడం సాధన చేయడానికి ఇంతకన్నా అనువైన చోటు ఇంగ్లండులో దొరకదు. పోలిక పూర్తిగా కుదరదు. యూటా మెత్తని ఇసుక, వాలు తక్కువ. స్లాప్టన్‌కి "ఇసుక" అని పేరేగాని ఉన్నవి గులకరాళ్ళు, నీళ్ళలోకి నిటారుగా దిగిపోతుంది.

జనం వెళ్ళిపోయాక ఏడాది చివరి రోజుల్లో "డక్" అనే సాధన మొదలైంది. తర్వాత మార్చిలో "బీవర్", ఏప్రిల్ చివర్లో "టైగర్", మే మొదట్లో "ఫేబియస్". టైగర్‌లో రెండు ప్రమాదాలున్నాయి. ఏప్రిల్ 27న తీరాన దిగే సమయాన్ని ఒక గంట ఆలస్యం చేశారు. ఆ మార్పు కొన్ని దళాలకి అందలేదు. నిజమైన గుళ్ళతో ఫిరంగులు పేలుస్తున్న సాధన కావడంతో తీరంలో సొంతవాళ్ళ గుళ్ళకే కొందరు బలయ్యారన్న మాట అక్కడినుంచే వచ్చింది. 749 దీని లెక్క కాదు.

749 ఏప్రిల్ 28 తెల్లవారుజాము రెండు గంటల ప్రాంతానిది. అది లైమ్ అఖాతంలో, పోర్ట్‌లండ్ వైపు, స్లాప్టన్‌కి చాలా దూరంగా జరిగింది. ట్యాంకుల్ని, లారీల్ని మోసే ఎల్‌ఎస్‌టీ ఓడలు ఎనిమిది ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఇంగ్లిష్ ఛానల్ దాటడానికి పట్టే సమయాన్ని అనుకరించాలని కావాలనే చుట్టు తిప్పారు. షెర్‌బూర్ నుంచి వచ్చిన తొమ్మిది జర్మన్ టార్పెడో పడవలు దాడిచేశాయి. ఎల్‌ఎస్‌టీ 507 కాలి మునిగింది, 531 ఆరు నిమిషాల్లో మునిగింది, 289 దెబ్బతిని డార్ట్‌మత్‌కి చేరింది. సైనికులు 551, నావికులు 198, మొత్తం 749.

ఏది ఎందుకు చెడిందో మూడు మాటల్లో. కాపలా: రెండు యుద్ధనౌకలు రావాలి. స్కిమిటర్‌ని ముందురోజు ఒక పడవ గుద్దడంతో ప్లిమత్‌లో ఆగిపోయింది. దాని బదులు నౌక సమయానికి అందలేదు, అజేలియా ఒక్కటే మిగిలింది. రేడియో: ఆజ్ఞాపత్రంలో పౌనఃపున్యాలు తప్పుగా టైపయ్యాయి. కాపలానౌకకీ, బ్రిటిష్ తీర కార్యాలయానికీ అందిన హెచ్చరికలు ఓడలకి అందలేదు. లైఫ్‌బెల్టు: గ్యాసు గుళికలతో ఉబ్బే పట్టీ అది, చంకల కింద కట్టుకోవాలి. వీపున సామాను సంచి అడ్డం వస్తుందని నడుముకి కట్టుకున్నారు. నీళ్ళలో అది ఉబ్బగానే తేలే శక్తి నడుము దగ్గర, బరువు పైన. మనిషి తలకిందులయ్యాడు. అలా పోనివాళ్ళలో చాలామందిని ఏప్రిల్ నెల నీటి చలి చంపింది. ఓడల్లో వాహనాలన్నీ పెట్రోలు నింపుకుని ఉండటంతో మంటలు ఆగలేదు.

జూన్ 6న జరిగిన నార్మండీ దాడికి ముందు వీటిలో పౌనఃపున్యాలు ఒకటి చేశారు, బెల్టు కట్టుకోవడం నేర్పారు, నీళ్ళలో పడ్డవాళ్ళను ఏరడానికి చిన్న పడవలు పెట్టారు. "నలభై ఏళ్ళు దాచిపెట్టారు" అని కొందరు అనేది అతి. నార్మండీ దాడి అయ్యేవరకు రహస్యమే, 1944 ఆగస్టులోనే సైనిక పత్రికలో వచ్చింది. తర్వాత ఎవరూ పట్టించుకోలేదు, అది వేరే సంగతి.

మూడుసాళ్ళు:

తిరిగొచ్చాక పొలం గురించి ఎవరూ రాయలేదు. 1944 వేసవిలో అమెరికా సేనలకి ఆ చోటుతో పని అయిపోయింది. మందుపాతరలు, పేలని గుళ్ళు ఏరాకే జనాన్ని రానిచ్చారు కాబట్టి ఆ ఏడాది చివరి నుంచి 1945 దాకా విడతలుగా తిరిగివచ్చారు. కమతం దొరికిన తీరు ఎలా ఉందో అర్థం కావాలంటే డెవన్ గట్టు ఏమిటో తెలియాలి. అది ముళ్ళకంచె కాదు. రెండువైపులా రాయి పేర్చి నడుమ మట్టి కూరి, పైన పొదలు పెంచిన గోడ. పనివాళ్ళ లెక్కలో అడుగుభాగం వెడల్పు ఎత్తుకి సమానం, పైన అందులో సగం. ట్యాంకు ఒకసారి దాన్ని దాటితే తెగిన చోట వాన మట్టిని కడిగేస్తుంది, పక్క రాళ్ళు జారతాయి. తెగిన గట్టున్న పొలంలో పశువుని వదలలేరు. కట్టేవాడు దొరికితే రోజుకి కొద్ది గజాలే సాగుతుంది. కాబట్టి ఇల్లు బాగైనా, మంద రావడానికి ఆలస్యం.

ఏడాది మేపని పచ్చికలో కలుపు ముదిరి విత్తు రాలుస్తుంది. తిస్టిల్, డాక్ మొక్కలు ఎక్కువ ఇబ్బంది. రాగ్‌వర్ట్ అనే కలుపు ఇంకా ప్రమాదం. పచ్చిగా ఉంటే చేదుకి పశువు ముట్టదు, గడ్డితో పాటు కోసి ఎండబెడితే చేదు పోతుంది, విషం పోదు, కాలేయం చెడుతుంది. కుందేళ్ళు గట్లలో బొరియలు పెడతాయి, ధాన్యం మిగిలిన కొట్టాల్లో ఎలుకలు నిండుతాయి. అన్నింటికన్నా మొండిది ఇనుము. తెగిన ముళ్ళతీగ ముక్క మేతతో పాటు ఆవు మింగితే రెండో పొట్టలో ఆగి, గుండె వైపు గుచ్చుకుంటుంది. సైన్యం తిరిగిన నేలలో గడ్డి కోసేముందు నడిచి ఏరడం తప్ప దారిలేదు.

ఒక మాట. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసినప్పుడు మనవాళ్ళు భయంతో ఎవరికివారు ఊళ్ళు వదిలారు, ఎవరికివారు వెనక్కొచ్చారు. స్లాప్టన్‌లో పోవడమూ రావడమూ రెండూ ప్రభుత్వ కాగితాల ప్రకారం జరిగాయి. అందుకే ఇక్కడ రికార్డు దొరుకుతుంది.

దస్తావేజు:

ఆ రికార్డు దారి ఇది. 1941 నుంచి 1943 దాకా ఇంగ్లండు, వేల్స్‌లో ఐదెకరాలు, అంతకు మించిన ప్రతి కమతాన్నీ సర్వే చేశారు. దాన్ని జాతీయ వ్యవసాయ సర్వే అంటారు. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఫారాలు ఎంఏఎఫ్ 32 వరుసలో, పటాలు ఎంఏఎఫ్ 73 వరుసలో ఉన్నాయి. తరలింపుకి సరిగ్గా ముందుది కాబట్టి ఇంతకన్నా మంచి ఆధారం లేదు.

ముందు కేటలాగులో ఎంఏఎఫ్ 32తో పాటు పారిష్ పేరు కొట్టండి. కమతం ఎక్కువభాగం పక్క పారిష్‌లో ఉండొచ్చు, కాబట్టి పేరు దొరక్కపోతే చుట్టుపక్కల పారిష్‌లు కూడా చూడాలి. ఫారంలో 1941 జూన్ 4 నాటికి ఏ పంట ఎన్నెకరాలు, ఎన్ని పశువులు, గుర్రాలు, ట్రాక్టర్లు, కూలీలు, కౌలు ఎంత అన్నవి ఉంటాయి. పైన కౌంటీ, పారిష్, కమతం సంఖ్యలతో ఒక కోడ్ ఉంటుంది. అదే కోడ్ పటం మీద రంగు గీసిన హద్దుల్లో కనిపిస్తుంది. రెండూ కలిపితేనే ఏ పొలం ఎవరిదో తేలుతుంది.

రెండు జాగ్రత్తలు. రైతుని ఎ, బి, సి అని గ్రేడు చేశారు. అది భూమికి కాదు, సాగు చేసే తీరుకి. సి పక్కన కారణం "వ్యక్తిగత లోపం" అని రాసి ఉండొచ్చు. దాన్ని సర్వే అధికారి అభిప్రాయంగానే చూడండి. రెండోది, 1941 అంకెల్ని 1943కి యథాతథంగా వాడకండి. మధ్యలో పచ్చికబయళ్ళు దున్ని గోధుమ, బంగాళదుంప వేయమని కౌంటీ యుద్ధ వ్యవసాయ కమిటీలు ఒత్తిడి చేశాయి, పంటల విస్తీర్ణం మారింది.

అలలదారి:

వెళ్ళి చూడాలనుకునేవాళ్ళకి. తీరంలో రెండు గుర్తులున్నాయి, రెంటినీ ఒకటిగా రాస్తున్నారు. గులక కట్ట మీద రాతి స్తంభం 1954లో అమెరికా సైన్యం పెట్టింది. అది ఇళ్ళు, పొలాలు ఇచ్చిన జనానికి కృతజ్ఞత, చనిపోయిన సైనికుల ఊసు అందులో లేదు. టోర్‌క్రాస్ కారు పార్కులో ఉన్న నల్లని షెర్మన్ ట్యాంకు చనిపోయినవాళ్ళకి గుర్తు. కెన్ స్మాల్ అనే ఆయన అమెరికా ప్రభుత్వం దగ్గర 50 డాలర్లకి హక్కు కొని, 1984లో సముద్రం నుంచి పైకి తీయించాడు. 70వ ట్యాంకు బెటాలియన్‌ది. ఎల్‌ఎస్‌టీల దాడిలో మునిగింది కాదు, వేరే సాధనలో పోయింది.

స్లాప్టన్ ఊరు తీరం నుంచి అర మైలు లోపలికి, వంతెన దాటాక వస్తుంది. తీరం వెంట పోయే ఏ379 రోడ్డు తుపానుల్లో కొట్టుకుపోతూంటుంది, 2018 మార్చిలో ఒక ముక్క పోయింది. బయల్దేరేముందు రోడ్డు తెరిచి ఉందో చూసుకోండి. దక్షిణాన హాల్‌సాండ్స్ అనే ఊరు ఇంకా ముందే, 1917 జనవరిలో పోయింది. ప్లిమత్ రేవు కట్టడానికి దాని ముందున్న గులకరాళ్ళు తవ్వి తీసుకుపోయారు, అలల తాకిడి నేరుగా ఇళ్ళ మీద పడింది.

నీళ్ళలో దిగకండి, ఒక్క అడుగుకే లోతు వస్తుంది. గులకరాళ్ళలో తుప్పుపట్టిన ఇనుప గొట్టం లాంటిది కనిపిస్తే ముట్టకండి, చోటు గుర్తుపెట్టుకుని దూరం జరిగి 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ (తీర రక్షక దళం) కావాలని అడగండి.